తల్లి మరలి వచ్చు బాట
(జగ్గయ్యపేట, నందిగామ పట్టణముల పఠనమందిరములలో జేసిన యుపన్యాసము)



మద్యపానమును గూర్చి యుపన్యసింపుడని మీరు నన్ను గోరినప్పుడే, మీలో పెక్కండ్రు ఏమి వినగోరి యిచటికి వత్తురో నే నూహించితిని. తాగుబోతు భర్త, తాకట్టుపడిన పుస్తెలు, ఆకటికి ఏడ్చు బిడ్డలు: ఇవి మనకు చిరపరిచితములైన విషయములు. అవి యసత్యములు గావు. కాని నేడు నేను వానిని గూర్చి చెప్పబోను. అట్టి యింటిలోనే యొక్కొక్కచో వంటయింటి తలుపు చాటున, పైటకొంగుతో నోరు తుడుచుకొనుచు మఱియొక మనిషి నిలువబడియుండును. ఆమె యా బిడ్డల తల్లి. తాగుచున్నది ఆమెయే. ఆమె ప్రసంగము మన వేదికలపై వినబడుట యరుదు.

“మా యూళ్లలో నట్టి యాడువారు లేరు” అని మీలో గొందఱు తలలూపుచున్నారు. ఈ సభలో స్త్రీలు బహు కొలదిమంది గలరు. అందులకు నేను విచారింపను. నేను చెప్పదలచినది ముఖ్యముగ పురుషులకే.

మద్యముతో మన తెలుగునాడు చేసిన పోరాటము నేటిది గాదు. 1921లో సహాయనిరాకరణోద్యమ కాలమున కల్లు దుకాణముల బహిష్కారము సాగినది. 1930లో మద్యపు దుకాణములకడ పికెటింగు చేయు భారమును గాంధీమహాత్ముడు ప్రత్యేకముగ స్త్రీల భుజస్కంధములపై నుంచెను. 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాజధాని యంతటను మద్యనిషేధ మమలులోనికి వచ్చెను. ఆ నిషేధము కాలక్రమమున తొలగిపోయినది. మఱల 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు, అప్పుడప్పుడే రాత్రిబడులలో నక్షరములు దిద్దుకొన్నవారు, తమ యూరి సారాదుకాణమును మూయించిరి. ఆ నిప్పురవ్వ రాష్ట్రమంతట నంటుకొనగా 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో నదియు సడలిపోయెను.

ఇన్నియేండ్ల యీ చరిత్రలో స్త్రీ యెచట నిలిచియున్నదో గమనింపుడు. ఆమె యెల్లప్పుడును దుకాణమునకు వెలుపలనే నిలిచినది. తాగినవాని భార్యగనో, తాగుబోతు తల్లిగనో నిలిచి పోరాడినది. ఆమె కా గౌరవము చెల్లవలసినదే. కాని యా గౌరవమే తాగుడునకు లోబడిన తల్లికి గోడయైనది. పురుషుడు తాగిన “పాపము, అలవాటు పడినాడు” అందుము. స్త్రీ తాగిన “చెడినది” అందుము. ఒకే వ్యాధి కొకరియెడ జాలి, మఱియొకరియెడ వెలి. వెలికి వెఱచినవారు వైద్యుని యొద్దకు బోరు, చీకటిలోనికి బోవుదురు.

ఇక లెక్కలు. 2019-21 సంవత్సరములలో జరిగిన యైదవ జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము పదునైదేండ్లు నిండిన స్త్రీలలో మద్యము సేవించువారు ఆంధ్రప్రదేశమున నూటికి 0.5, తెలంగాణమున నూటికి 6.7. ఈ రెండు సంఖ్యల నడుమ నున్నది జగ్గయ్యపేటకు సమీపమున గరికపాడు వద్ద నొక తనిఖీకేంద్రము మాత్రమే. ఇటుపిల్ల నటు ఇత్తుము. అటుపిల్లను ఇటు తెచ్చుకొందుము. ఒకే మిరపతోటలో నిరువైపుల కూలీలు కాయలు కోయుదురు. ఆ భేద మంతయు అబద్ధమని నేననను. తెలంగాణమున పెక్కుచోట్ల కల్లు పండుగపబ్బములలో నింటిల్లిపాదికిని గలుగు పానీయము. మనవైపు ఆ యాచార మంతగా లేదు. కాని యింటికి వచ్చి ప్రశ్నించిన యపరిచితులకు, అత్తగారు వసారాలో గూర్చుండి యుండగా, “ఔను, నేను తాగుదును” అని మన కోడం డ్రెందఱు చెప్పగలరు? ఆ భేదములో గొంత నడవడి భేదము, గొంత నోటి భేదమని నా నమ్మకము. పోనిండు, ఆ 0.5 యే సత్యమనుకొందము. ఈ రాష్ట్రమున ఆ వయస్సు స్త్రీలు ఇంచుమించు రెండు కోట్లు. అందులో నూటికి అర యనగా లక్షమంది! వారందఱును వ్యసనపరులు గాకపోవచ్చును. కాని “లేరు” అనుటకు వీలులేదు గదా.

వీ రీ దారి నెట్లు పట్టుదురు? నే నెఱిగిన యొక కథ చెప్పెదను. అది మా యింటిలోనిదే.

మా మేనత్తను మునేటి యొడ్డు గ్రామమున కిచ్చిరి. రెండవ కానుపునాడు, బాలింతకు చలిచేయకుండునట్లు, పెద్దలే యామెకు బ్రాందీ పట్టిరి. అది మందుగ వచ్చినది. బిడ్డ కైదవ నెల రాగానే యామె మిరపకోతకు బోయెను. తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు నడుము వంచి కోసినవారికే యా నొప్పి తెలియును. మామయ్య తనకు దెచ్చుకొన్న సీసాలో రెండు గ్రుక్కలు తానే పోసి యిచ్చెను. నొప్పి మఱచి నిద్రపోయెను. మూడేండ్లకు తెల్లవాఱుసరికి చేతులు వణకుట, దాచుకొని తాగుట, పాలడబ్బా డబ్బులు మాయమగుట జరిగినవి. ఒకనాడు చంటివాడు పొయ్యి దగ్గఱకు బాకి చేయి కాల్చుకొనెను. ఆమె కా స్పృహయే లేదు. అత్తవారు పిల్లల నిద్దఱను వేఱొక యూరికి బంపి, యామెను పత్తి నిలువచేయు కొట్టులో బెట్టి బయట గొండ్లెము వేసిరి. “నాలుగు దినములు మాడిన నదే మానును” అనిరి. మూడవనాడు మూర్ఛలు వచ్చినవి. ఒక యాసుపత్రికి గొనిపోగా మూర్ఛలకు మందిచ్చి పంపివేసిరే గాని, మూర్ఛ లేల వచ్చినవని యడిగినవారు లేరు.

పిదప నామె యెనిమిది నెలలు పుట్టినింట నుండి, ఒక్క చుక్కయు ముట్టక, తిరిగి యత్తవారింటికి బోయెను. మా నాయన యామెను దిగబెట్టబోవుచు నన్నును వెంట దీసికొనిపోయెను, నాకప్పుడు పండ్రెండేండ్లు. తల్లి గడప దాటి లోనికి రాగానే యా చిన్నవాడు నాయనమ్మ చీరవెనుక దాగికొనెను. ఆ రాత్రియే యామె మఱల తాగెను. ఏల తాగితివని మా నాయన గద్దించి యడిగెను. “వాడు నన్ను జూసి బెదిరాడన్నయ్యా” అని మాత్రము చెప్పెను. ఈ కథలో మిగిలినభాగమును తరువాత చెప్పెదను.

మొదట నీ వ్యాధి స్వభావము. స్త్రీ శరీరమున నీటిపాలు పురుషుని శరీరముకంటె తక్కువ. మద్యమును విఱుగగొట్టు పదార్థము సాధారణముగ నామె జీర్ణకోశమున తక్కువగా నుండును. కావున నొకే కొలత తాగినను ఆమె రక్తమున నది యెక్కువగ జేరును. కాలేయము త్వరగ జెడును. గర్భవతి తాగిన మద్యము మాయద్వారా శిశువునకు జేరును. దానివలన గలుగు జన్మదోషములకు 1973లో అమెరికా వైద్యులు ప్రత్యేకముగ నొక నామము బెట్టిరి. ఇంకొక ముఖ్యవిషయము: చాలకాలము విశేషముగ తాగినవారు ఒక్కసారిగ మానినచో, కొలది గంటలలో వణకు, ఒకటి రెండు దినములలో మూర్ఛలు, రెండు మూడు దినములలో మతిభ్రమ కలుగవచ్చును, ప్రాణమే పోవచ్చును. అందుచే కొట్టులో బెట్టి గొండ్లెము వేయుట చికిత్స గాదు, హత్యాప్రయత్నముతో సమానము. మత్తుబిళ్లలపొడి, క్లోరల్ హైడ్రేటు కలిపిన కల్తీకల్లు తాగినవారికిని నిట్టి గండమే కలదు. వైద్యు డా కొలదిదినములు ప్రక్కనుండి, తగిన మందులను క్రమముగ తగ్గించుచు, బి-1 విటమిను నిచ్చి గట్టెక్కించును. మఱియొక హెచ్చరిక. మద్యముతో గలిసిన దేహమునకు బాధ గలిగించు డైసల్ఫిరాం అను మందు కలదు. 1948లో డెన్మార్కు పరిశోధకులు దాని గుణమును వెల్లడించిరి. దానిని వైద్యుని సలహాలేక, రోగి కెఱుక లేక, అన్నములోనో మజ్జిగలోనో కలిపిపెట్టు వారు కలరు. ఆమె దానిపై మద్యము తాగినచో గుండెకే ముప్పు. మోసముతో మానిపించుట యెన్నడును మానిపించుట గాదు.

ఇది వ్యాధియని చట్టమును నంగీకరించినది. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము మద్యమువలనను మత్తుపదార్థములవలనను గలుగు మానసికస్థితులను గూడ మనోవ్యాధులలో జేర్చినది. వయస్సు వచ్చిన స్త్రీ తనంతట తానే చికిత్సకు జేరవచ్చును. ఆమె వ్యాధివివరములు రహస్యముగ నుంచబడుట యామె హక్కు.

అయినను రోగులు వైద్యునియొద్దకు వచ్చుట లేదు. 2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన మత్తుపదార్థముల పరిశీలనలో, మద్యమునకు బానిసలైనవారిలో ముప్పదియెనిమిదిమంది కొక్కరికే యేదో యొక చికిత్స లభించినట్లు తేలినది. ఇది స్త్రీపురుషు లందఱి లెక్క. స్త్రీల మాట యింక జెప్పనేల! పురుషుడు చికిత్సాలయమున జేరిన నింట భార్య బిడ్డలను గాచును. తల్లి చేరిన బిడ్డల నెవరు కాతురు? “నేను తాగుదును” అని యొప్పుకొన్న మఱుక్షణమే పిల్లలను లాగికొందురను భయ మామెకు మద్యముకంటె బలమైనది. తాగి చచ్చుటకైన నొప్పుకొనును గాని బిడ్డను బోగొట్టుకొనుట కొప్పుకొనదు.

ఈ విషయమున నా చట్టమే యొక గొప్పమాట చెప్పినది. దానిని మన యూళ్లలో నెఱిగినవారు చాల తక్కువ. చికిత్స బొందుచున్న స్త్రీకి మూడేండ్లలోపు బిడ్డ యున్నచో, ఆమె యచట నున్నంతకాలము సాధారణముగ నా బిడ్డను ఆమెనుండి వేఱుచేయరాదు. తల్లివలన బిడ్డకు హాని గలుగు ప్రమాదమున్నప్పుడు మాత్రము తాత్కాలికముగ వేఱుచేయవచ్చును; ఆ నిర్ణయమును గూడ పదునైదు దినముల కొకసారి మఱల పరిశీలింపవలెను. 2015 నాటి బాలల న్యాయచట్టమును బిడ్డను సంరక్షణాలయమునకు బంపుట యన్ని యుపాయములు తప్పిన పిమ్మటనే యని చెప్పినది. ఈ యూహ కొత్తది గాదు. 1895లో, ఇంగ్లండున తాగిన పేదస్త్రీలను మాటిమాటికి జెఱసాలకు బంపుచున్న కాలమున, లేడీ హెన్రీ సోమర్సెట్ అను నామె సర్రే మండలమందలి డక్స్‌హర్స్ట్ పల్లెలో వారి కొక వ్యవసాయాశ్రమము నెలకొల్పెను. వారు చిన్న కుటీరములలో నివసించి తోటపని చేసికొనుచుండిరి. ఆ యాశ్రమమునందే పిల్లలకును ఒక గృహ ముండెను. నూటముప్పది యేండ్ల క్రిందట తట్టిన యీ సంగతి నేటికిని మనకు తట్టకుండుట సిగ్గుచేటు.

ఇచట మీలో నొకరు న్యాయమైన ప్రశ్న వేయవచ్చును: “బిడ్డ చేయి కాలినది గదా? తల్లిపై జాలిపడి బిడ్డను బలియిత్తుమా?” ఎన్నటికిని వలదు. బిడ్డ క్షేమమే మొదటిది. తల్లికి స్పృహ లేనినాడు బిడ్డ యామెయొద్ద నుండరాదు. కాని యప్పుడు బిడ్డ నెచట నుంచవలెను, ఎంతకాల ముంచవలెను, తల్లి యెన్నినాళ్ల కొకసారి బిడ్డను జూడవలెను అను ప్రశ్నలున్నవి. వేఱొక యూరికి బంపి, “మీ యమ్మ తాగుబోతు” అని నేర్పుట వేఱు. అదే వీథిలో పిన్నమ్మ యింట నుంచి, ప్రతిసాయంకాలము తల్లి మెలకువగ నున్నప్పుడు చూపుట వేఱు. మొదటిదానివలన బిడ్డకు కొన్నాళ్లు రక్షణ కలుగును గాని తల్లి పోవును. రెండవదానివలన నిరువురును నిలుతురు.

ఇప్పుడు మా మేనత్త కథలో మిగిలినభాగము. మా యమ్మ రెండవసారి యామెను దన యింటికి దెచ్చుకొనెను. ఈసారి యా చిన్నవానితోగూడ దెచ్చెను. విజయవాడలో వైద్యునికి జూపించిరి. తిరిగి వచ్చిన పిమ్మట మా యమ్మ యామెచే నొట్టు వేయించలేదు, దేవునియెదుట దీపమార్పించలేదు. “వాడికి పొద్దున అన్నం నువ్వు పెట్టు, బడికి నువ్వు దిగబెట్టు. మిగతావి నేను చూస్తాలే” అనెను. అంతియే. ఇంట సీసా యుండరాదని మామయ్యకు గబురు పంపెను. ఆయన మొదట కోపగించుకొనెను, పిదప తానును మానెను. ఆయన మానకున్న నామె మానుట యసాధ్యమని నా దృఢాభిప్రాయము. ఒకసారి, దసరా దాటిన పిదప, ఆమె మఱల తాగెను. మా నాయన “ఇక దీనిని వదలిపెట్టుడు” అనెను. “జ్వరం తిరగబెడితే వదిలేస్తామా?” అని మా యమ్మ మఱల వైద్యునియొద్దకు దీసికొనిపోయెను. ఆ చిన్నవాడు ఏడాదివఱకు తల్లిని “అమ్మా” అని పిలువలేదు. ఒకనాడు బడినుండి వచ్చి, పలక పగిలినదని యేడ్చుచు, మా యమ్మను దాటి తిన్నగ వాని తల్లియొద్దకు బోయెను. ఆ తరువాత నిరువదిరెండేండ్లు జీవించి, మద్యము ముట్టకయే యామె పరమపదించెను.

దీనిలో నద్భుత మేమియు లేదు. నాలుగు సంగతులు మాత్రమున్నవి. వైద్యము జరిగినది. బిడ్డ దగ్గఱ నుండెను. భర్తయును సీసాను వదలెను. రెండవసారి జాఱినప్పుడు తలుపు మూయలేదు. చెదరిన కుటుంబమును గట్టుట యనగా నివియే. నమ్మకము మాటలతో రాదు; పూటపూటకు బెట్టిన యన్నముతో వచ్చును. మఱియొక సంగతి మఱవకుడు. తల్లి తాగుచున్న యింట ఎనిమిదేండ్ల యాడపిల్ల చంటివానిని మోయుచు, అన్నము వండుచు, తల్లిని దాచుచు, తానే తల్లియై యుండును. తల్లి కోలుకొన్ననాడు ఆ పిల్లకు మఱల బాల్యము నొసగి బడికి బంపవలెను. ఆమె యణచుకొన్న కోపమును గూడ పెద్దలు వినవలెను.

ఇక మన రెండు పట్టణముల వారు చేయదగిన పను లేవి?

మొదటిది, వైద్యమునకు దారి. విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో మానసికవైద్య విభాగమున్నది. నందిగామనుండి అది సుమారు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేటనుండి ఇంచుమించు 80. కూలి మానుకొని, బిడ్డను జంకన బెట్టుకొని, మొగము దాచుకొని యొక స్త్రీ యంతదూరము బోజాలదు. ఆమెవెంట బోవు నమ్మకమైన యొక స్త్రీయును, ఇరువురకు దారిబత్తెమును వలయును. ఇంటినుండియే యడుగదలచిన వారికి 14416 అను మానసికారోగ్యపు ఫోను, 14446 అను వ్యసనవిముక్తి ఫోను కలవు. ఈ రెండంకెలను మన పఠనమందిరపు గోడపై పెద్దయక్షరములతో వ్రాయించుటకు ధన మక్కఱలేదు.

రెండవది, పొదుపు సంఘములు. సారా వ్యతిరేకోద్యమము పిదప మన గ్రామములలో నివి విస్తరించి స్త్రీలకు బలమైన కూటములైనవి. కాని యవి యప్పుల లెక్కలు చూచు స్థలములు గూడ. అచట రహస్యము నిలుచుట కష్టము. కాబట్టి సంఘమంతటికి జెప్పనక్కఱలేదు. ప్రతిగ్రామమున ఆశా కార్యకర్తయో, అంగన్‌వాడీ టీచరో, నోరు కట్టుకొనగల యొక పెద్దమ్మయో యుండినజాలును. కోలుకొన్న స్త్రీకి సంఘమున మఱల సభ్యత్వమును, చిన్న బాధ్యతను నొసగుట సంఘము వంతు.

మూడవది, ఒక యిల్లు. తల్లీబిడ్డలు కలిసి కొన్ని మాసములు నిలువదగిన యిల్లు, మెట్టప్రాంతమున కొక్కటియైన గావలెను. ఇది గొంతెమ్మకోరిక యనకుడు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ దంపతులు గుంటూరున శారదానికేతనమును స్థాపించినప్పుడు, అండలేని స్త్రీలకు జదువు గఱపుటయే విడ్డూరముగ నుండెను. 1958లో దుర్గాబాయి దేశముఖ్ అధ్యక్షత వహించిన సాంఘికసంక్షేమ మండలి, చదువు నడుమ నిలిచిన వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమమును దేశమంతట బ్రారంభించెను. దారిలో నాగిపోయిన స్త్రీ మఱల నడువగలదని మన తెలుగువారే దేశమునకు జూపిరి.

నాలుగవది, సోదరులారా, మీ చేతిలోనిది. మీ యింట సీసా యున్నంతకాలము మీ యింటి యాడుదానిని నిందించు నధికారము మీకు లేదు. ఆమె దెబ్బలకు దాళలేక తాగుచున్నదేమో ముందు విచారింపుడు. అట్లయిన 2005 నాటి గృహహింసా నిరోధకచట్ట మామెకు రక్షణ కలిగించును. అచట చికిత్స కావలసినది మొదట భర్తకు.

“మద్యమునే నిషేధించిన నీ బాధ లుండవు గదా” యని కొందఱందురు. రాజ్యాంగపు 47వ యధికరణము ఆ ప్రయత్నమును రాజ్యమునకు విధించియే యున్నది. దానికి నేను విరోధిని గాను. కాని దుకాణము మూసిన దినమునను వణకుచున్న చేతులు వణకుచునే యుండును. సరిహద్దున నున్న మనకు, అటు మూసిన నిటు, ఇటు మూసిన నటు, సరకు వచ్చునను సంగతి వేఱుగ జెప్పనక్కఱలేదు. నిషేధ మున్నను లేకున్నను రోగికి వైద్యుడును, తల్లికి బిడ్డయును గావలెను.

కడపట నొక్కమాట. ఏటేట తిరునాళ్లకు మన మందఱము పెనుగంచిప్రోలు పోవుదుము. తిరుపతమ్మ కథ మీరు చిన్ననాటినుండి విన్నదే. వ్యాధిగ్రస్తురాలైన కోడలిని అత్తవారు పశువులపాకకు ద్రోసిరని గదా యా కథ చెప్పును. ఆ పాకలో బడియున్న యామెను నేడు తల్లియని కొలుచుచున్నాము. తిరునాళ్లనుండి తిరిగి వచ్చునప్పుడు, మన వీథిలో నే పాకలో, ఏ కొట్టులో, ఏ మూసిన తలుపు వెనుక మఱియొక కోడలు వ్యాధితో బడియున్నదో యొక్కసారి విచారింపుడు. విచారించినవారు తలుపు తీయుడు. తీసి, మొదట నామె బిడ్డ యెచట నున్నాడో యడుగుడు.